పదకొండు రూపాయల భరణం, వెయ్యి ఎకరాల విమానాశ్రయం

కర్నూలు నుంచి నంద్యాల రోడ్డు పట్టుకుని పోతే ఓర్వకల్లు వస్తాది. రాతిబండల ఊరు. ఆడోళ్ల పొదుపు సంఘాలకు రాష్ట్రమంతా పేరుపడిన మండలం. ఇంగొంచెం పక్కకు పోతే గని, శకునాల ఊర్ల మధ్య వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉండాది. ఆ రోడ్డు మీదనే విమానాశ్రయం. రాష్ట్ర ప్రభుత్వం వెయ్యి ఎకరాల పైచిలుకు భూమిలో కట్టించింది. రన్‌వే పొడవు 2,000 మీటర్లు.

ఈ విమానాశ్రయం చరిత్ర చిన్నదే గానీ కొంచెం నవ్వు తెప్పించేది. రెండుసార్లు రిబ్బన్ కత్తిరించుకున్న విమానాశ్రయం ఇది. 2019 జనవరి 8న, ఎన్నికలు దగ్గరపడినప్పుడు, అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించినారు. విమానం మాత్రం ఎగరలేదు. ప్రయాణికుల విమానాలు నడపాలంటే ఢిల్లీ నుంచి లైసెన్సు రావాల. అది వచ్చేటప్పటికి 2021 జనవరి అయింది, ముఖ్యమంత్రీ మారినాడు. 2021 మార్చి 25న జగన్‌మోహన్ రెడ్డి మళ్లా ప్రారంభించినారు. మార్చి 28 నుంచి బెంగళూరు, చెన్నై, విశాఖపట్నం విమానాలు మొదలైనాయి. ఉడాన్ పథకం కింద టికెట్ రేటు తగ్గించి నడిపిన విమానాలు అవి. మన పక్క కడప విమానాశ్రయం అప్పటికే, 2015 జూన్‌లో, మళ్లా తెరుచుకునింది.

రెండో రిబ్బన్ రోజునే దానికి ఒక పేరు పెట్టినారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం.

ఆ పేరు గురించే ఈ పొద్దు మాట్లాడుకుందాం తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. మీలో శానామందికి ఆయన సినిమాగా తెలుసు. 2019 అక్టోబర్ 2న వచ్చిన సైరా చూసి, చిరంజీవి గుర్రమెక్కి కత్తి తిప్పింది చూసి, ఆయనంటే అదే అనుకున్నారు. ఇంగ కొందరికి ఆయన ఫ్లెక్సీ మీద కులం గుర్తు. ఇంకొందరికి బోర్డింగ్ పాసు మీద ఊరి పేరు. అసలు మనిషి వీటన్నిటికంటే చిన్నోడు, వీటన్నిటికంటే పెద్దోడు. ఆ మనిషి కథ సరిగ్గా తెలిస్తేనే ఈ పేరుకు అర్థం తెలుస్తాది.

రేనాడు అంటే ఏది

కుందూ నది పారే నల్లరేగడి సీమకు పాతపేరు రేనాడు. కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నేల. జొన్న, శనగ పండే నేల. తెలుగులో దొరికిన తొట్టతొలి శాసనం కడప జిల్లా కలమళ్లలో దొరికినది కదా, అది వేయించింది రేనాటి చోళులే. ఇప్పటికి పద్నాలుగు వందల ఏండ్ల పైమాట. అంటే తెలుగు రాత పుట్టిన నేలల్లో ఇదీ ఒకటి. వెనకబడిన సీమ అని వింటావింటా పెరిగిన పిల్లోళ్లు ఈ ఒక్క సంగతన్నా గుర్తు పెట్టుకోవాల.

విజయనగరం కూలినాక ఈ నేల పాలెగాళ్ల చేతికొచ్చింది. పాలెగాడంటే ఒక కోట, చుట్టూ కొన్ని ఊర్లు, చేతికింద కొంత సైన్యం. పైనున్న రాజుకు కప్పం కట్టాల, యుద్ధమొస్తే మనుషుల్ని పంపాల. వాళ్లేం దేవుళ్లు కాదు. ఒకరి ఊర్లమీద ఒకరు పడినారు, రైతు దగ్గర ముక్కు పిండి వసూలు చేసినోళ్లూ ఉండారు. ఆ సంగతి దాచిపెట్టి పాలెగాళ్లంటే మహానుభావులు అని పాడితే అది చరిత్ర కాదు.

1800లో హైదరాబాదు నిజాం ఈ నేలను ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చినాడు. తన దగ్గర కాపలా ఉన్న కంపెనీ పటాలం ఖర్చు కట్టలేక, దానికి బదులుగా బళ్లారి, కడప, అనంతపురం సీమల్ని దారపోసినాడు. ఇక్కడ ఉండే జనాన్ని ఒక్క మాటా అడగలేదు. ఆ రాతతో మన నేలకు దత్తమండలాలని పేరొచ్చింది, ఇచ్చేసిన మండలాలు అని అర్థం. ఆ అవమానం పేరు పోగొట్టుకోవడానికి 1928లో నంద్యాల సభ దాకా ఆగాల్సి వచ్చింది. అక్కడే చిలుకూరి నారాయణరావు గారి మాటతో రాయలసీమ అనే పేరు నిలిచింది.

కంపెనీ తరఫున మొదటి పెద్ద కలెక్టరుగా వచ్చినోడు థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా ఉన్నాడు. ఎనభై మంది పాలెగాళ్ల కోరలు పీకినాడు. కోటలు కూలగొట్టించి, సైన్యాలు రద్దు చేసి, కొందరిని వెళ్లగొట్టి, కొందరికి నెలనెలా భరణం పెట్టి కూర్చోబెట్టినాడు. రైతు పేరున పట్టా రాసి, రైతు దగ్గరే నేరుగా శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతి తెచ్చినాడు. మన్రో మీద మన జనానికి అభిమానం తక్కువేం లేదు. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయినాక కూడా, పుట్టిన బిడ్డలకు మన్రోలప్ప, మన్రోలమ్మ అని పేర్లు పెట్టుకున్నారు. ఒక దొరను మెచ్చిన జనమే తర్వాత దొరతనం మీద ఏంటికి తిరగబడినారు? ఆ ప్రశ్నకు జవాబు నరసింహారెడ్డి బతుకులో ఉండాది.

భరణం మీద బతికిన మనిషి

నరసింహారెడ్డి 1806 ప్రాంతంలో పుట్టినాడని చెప్తారు. ఊరు రూపనగుడి, ఇప్పటి ఉయ్యాలవాడ మండలం. తండ్రి పెద్దమల్లారెడ్డి. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి ఆయనకు తాత అవుతాడు. అంటే రెండు పక్కలా పాలెగాళ్ల రక్తం. అయితే ఆయన పుట్టేటప్పటికే పాలెం లేదు. కోట లేదు, సైన్యం లేదు, శిస్తు వసూలు లేదు. ఉన్నది పాతపేరు, దాంతో పాటు కంపెనీ పెట్టిన భరణం.

ఆ భరణం ఎంతో తెలుసా? నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు.

ఆ లెక్క మీద కాసేపు ఆగండి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసల కాలం అది. వేసి చూస్తే అది సరిగ్గా 35 రూపాయల్లో మూడో వంతు. ఇంటి భరణం పంచుకుంటా పంచుకుంటా వచ్చి చివరికి చిల్లరగా మిగిలిన వాటా అని ఆ అణాలు, పైసలు చూస్తేనే తెలుస్తాది. తాతకు ఊర్లుండె, మనవడికి పదకొండు రూపాయల చిల్లర మిగిలింది. నొస్సం తాత జయరామిరెడ్డి చనిపోయినాక ఆయన భరణం వారసులకు చెల్లదని కంపెనీ ఆపేసింది. దాంట్లో తనకు భాగం రావాలని నరసింహారెడ్డి అడిగినా దొరలు ఒప్పుకోలేదు.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పుకోవాల. ఆయన కోపం మొదట సొంత కోపమే. దేశం, స్వాతంత్ర్యం అనే మాటలు ఆ కోపంలో వెతకడం మన అత్యాశ. తనకు రావాల్సింది రాలేదు, తన ఇంటి మర్యాద పోయింది. అంతవరకే అయివుంటే ఆయన పేరు ఈ పొద్దు ఏ విమానాశ్రయం మీదా ఉండేది కాదు. ఏదో ఒక పాత ఫైల్లో, భరణం అర్జీల కట్టలో మాసిపోయుండేది. ఒకరి అర్జీ ఊర్లకు ఊర్లు కదిలిన తిరుగుబాటుగా ఎట్ల మారింది? దానికి కట్టుబడోళ్లు కారణం.

కట్టుబడి అంటే మన తాతలే

పాతకాలంలో ఊరికి కావలి కట్టుబడి బంట్లు ఉండేవాళ్లు. పంట కాపలా, దొంగల జాడ తీయడం, పాలెగాడు పిలిస్తే బరిసె పట్టుకుని పోవడం వాళ్ల పని. దానికి కూలి కాదు, ఇంత భూమి ఇనాంగా ఇచ్చేవాళ్లు. ఆ మాన్యం దున్నుకుని తరతరాలుగా బతికినారు. వాళ్లలో బోయలు ఎక్కువ. వేరే కులాల వాళ్లూ ఉండిరి. ఆ మాన్యమే వాళ్ల ఉద్యోగం, వాళ్ల పింఛను, ఊర్లో వాళ్ల మర్యాద.

కంపెనీ వచ్చినాక పోలీసు వచ్చినాడు, తాసీల్దారు వచ్చినాడు. కట్టుబడోడి అవసరం దొరలకు తీరిపోయింది. ఒకేసారి భూములు గుంజుకుంటే గొడవైతాదని, ఒక ఉపాయం పట్టినారు. మాన్యం ఉన్నోడు చనిపోతే చాలు, ఆ భూమి కొడుక్కు పోకుండా సర్కారులో కలిపేసుకోవడం. 1846లో గుడ్లదుర్తి, కోయిలకుంట్ల, నొస్సం ఊర్లల్లో ఇట్ల చనిపోయినోళ్ల భూములు వరసగా కంపెనీ కలుపుకునింది. నాయన పోయిన దుఃఖం ఒకపక్క, నాయన దున్నిన చేను పోయిన దుఃఖం ఇంగొకపక్క. అదే ఏడు ఆ పిల్లోళ్లంతా నరసింహారెడ్డి ఇంటి ముందుకొచ్చినారు.

భూమి కాగితం మీద ఒక గీత గీస్తే ఇంట్లో ఏమైతాదో మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. చుక్కల భూముల జాబితాలో తాత పొలం పడి, ఆఫీసుల చుట్టూ తిరిగిన ఇండ్లు మన ఊర్లల్లో ఎన్ని ఉండాయో మీకు తెలుసు. 1846 నాటి కట్టుబడోడి కడుపుమంట అర్థం చేసుకోవడానికి మనకు పెద్ద చదువు అక్కర్లేదు.

పదకొండు రూపాయల మనిషి దగ్గరకే ఏంటికి వచ్చినారు? ఆయనకు డబ్బు లేదు, కోట లేదు. అయితే పాతపేరు ఉండాది, పిలిస్తే పలికే మనుషులు ఉండారు, దొరలంటే ఆయనకూ మంట ఉండాది. జనానికి ఒక తలకాయ కావాల్సి వచ్చింది, ఆయన తన తలకాయ ఇచ్చినాడు. ఈ మాట ఊరికే అనడం లేదు, చివరకు జరిగింది అదే. ఆయన పక్కన నిలబడినోళ్లల్లో వడ్డె ఓబన్న పేరు ముందు చెప్పుకోవాల. రాళ్లు కొట్టే, మట్టి తవ్వే వడ్డెర్ల బిడ్డ. నరసింహారెడ్డి సైన్యాన్ని నడిపినోడు ఆయనే. కట్టుబడోళ్లు, బోయలు, వడ్డెర్లు, నల్లమల చెంచులు, చిన్నరైతులు, భరణాలు పోయిన పాతకుటుంబాల వాళ్లు, అందరూ కలిసినారు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కంపెనీ 1839లోనే పట్టుకుని గద్దె దించింది. ఆ మంటా ఈ నేలలో ఆరలేదు. కర్నూలు, హైదరాబాదు వైపు నుంచి కూడా మద్దతు వచ్చింది.

జులై 10, కోయిలకుంట్ల

1846 వేసవి చివర్లో నరసింహారెడ్డి తన భరణం కోసం కోయిలకుంట్ల కచేరీకి మనిషిని పంపినాడు. తాసీల్దారు డబ్బులివ్వకపోగా అవమానంగా మాట్లాడి పంపినాడని మన ఊర్లల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాటలు ఏందో కథ చెప్పేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్తారు. సారం మాత్రం ఒకటే, నువ్వెంత నీ భరణమెంత అని.

జులై 10 రాత్రి కోయిలకుంట్ల ఖజానా మీద పడినారు. కాపలా వాళ్లను చంపి, ఖజానా పగలగొట్టినారు. దొరికింది 805 రూపాయల 10 అణాల 4 పైసలు. దొరలు ఎంత జాగర్తగా లెక్క రాసుకున్నారో చూడండి, మనుషుల లెక్క అణాపైసల దాకా రాయలేదు గానీ డబ్బు లెక్క మాత్రం రాసినారు. ఆయన భరణంతో పోలిస్తే అది ఐదేండ్ల తొమ్మిది నెలల మొత్తం. డబ్బు కోసమే చేసినాడంటే ఆ రాత్రే అడవిలోకి పోయి దాక్కునుండొచ్చు. పోలేదు. అది ఇంగ భరణం తగాదా కాదని ఆ రాత్రికే అందరికీ తెలిసిపోయింది.

ఆడ నుంచి మిట్టపల్లి దగ్గర పోలీసులను ఎదిరించినారు, అధికారులను కొందరిని చంపినారు. రుద్రవరం మీద పడినారు. గుంపు పెరిగి ఐదు వేల దాకా అయింది. అప్పట్లో ఈ ఊర్లన్నీ కడప జిల్లాలో ఉండె. కడప కలెక్టరు కాక్రేన్. ఆయన పటాలాన్ని పిలిపించినాడు. బరిసెలు, కత్తులు, ఒడిసెల రాళ్లు ఒకపక్క. తుపాకులు, కవాతు నేర్చిన సిపాయిలు ఇంగొకపక్క. కంపెనీ పటాలం సంఖ్యలో తక్కువే అయినా, చుట్టుముట్టి కాలిస్తే తిరుగుబాటుదార్లలో రెండొందల మంది దాకా చనిపోయినారు. మిగిలినోళ్లు చుట్టు తెంచుకుని గిద్దలూరు పక్క కొత్తకోట వైపు పోయినారు. నరసింహారెడ్డి ఇంటోళ్లు అక్కడున్నారు. వాళ్లను తీసుకుని నల్లమల ఎక్కినాడు.

నల్లమలలో పెరిగినోళ్లకు తెలుసు ఆ అడవి ఎట్లాంటిదో. చెంచు తోడుంటే దారి, లేకుంటే చావు. కొంతకాలం ఆ అడవే ఆయన్ను కాపాడింది. అయితే అడవిలో బువ్వ యాడిది? కింద ఊర్ల నుంచి రావాల. దొరలు ఊర్ల మీద పడినారు. ఆచూకీ చెప్పినోళ్లకు బహుమానమని దండోరా వేయించినారు. ఎవరు చెప్పినారు, ఎట్ల చెప్పినారు అనేదాని మీద శానా కథలు నడుస్తాండాయి. ఒక్కొక్క ఊరు ఇంగొక ఊరి మీద నెట్టేస్తాది. నూట ఎనభై ఏండ్ల కిందటి ద్రోహాన్ని ఈ పొద్దు ఒక కులం మీదనో, ఒక ఇంటి మీదనో రుద్దడం తప్పు. ఆకలి, భయం, బహుమానం, ఈ మూడూ కలిస్తే ఎవరిదైనా నోరు తెరిపిస్తాయి. ఆ మూడింటినీ తెచ్చినోడే అసలు ద్రోహి.

1846 అక్టోబర్ 6న పేరుసోముల కొండల్లో ఆయన్ను చుట్టుముట్టినారు. ఆ పోరులో నలభై, యాభై మంది చనిపోయినారు. నరసింహారెడ్డితో కలిపి తొంభై మంది దాకా పట్టుబడినారు. మొదలుపెట్టింది జులైలో, ముగిసింది అక్టోబర్‌లో. మూడు నెలలు కూడా నిండలేదు.

జుర్రేరు గట్టు మీద

కంపెనీ కేసు పెట్టింది. దాదాపు వెయ్యి మంది మీద వారెంట్లు. ఆ కాలపు కోయిలకుంట్ల తాలూకాలో వెయ్యి వారెంట్లంటే ప్రతి ఊర్లోనూ ఏదో ఒక తలుపు తట్టినట్టే. పట్టుకున్నోళ్లలో 412 మందిని కేసు లేకుండా వదిలేసినారు. 273 మందిని జామీను మీద వదిలినారు. 112 మందికి శిక్షలు పడినాయి. నరసింహారెడ్డికి ఉరి.

1847 ఫిబ్రవరి 22. కోయిలకుంట్ల పక్కన జుర్రేరు గట్టున, పొద్దున్నే, రెండు వేల మందికి పైగా జనం చూస్తుండగా ఉరి తీసినారు. ఆయనకు అప్పుడు నలభై ఏండ్లుంటాయి. జనాన్ని చూడనిచ్చినారంటే దొరల దయ అనుకోవద్దు. చూడాలనే తీసినారు. ఇంగొకడు బరిసె పట్టకూడదని.

అంతటితో ఆగలేదు. ఆయన తలను కోయిలకుంట్ల కోటలో వేలాడదీసినారు. ఒక రోజు కాదు, నెల కాదు. 1877 దాకా. ముప్పై ఏండ్లు.

ఆ ముప్పై ఏండ్లు ఏం జరిగిందో కలిపి చూస్తే గుండె బరువెక్కుతాది. 1857లో ఉత్తరాన సిపాయిలు లేచినారు, అణిగినారు. 1858లో కంపెనీ పోయి రాణి పాలన వచ్చింది. అదే ఏడు కర్నూలు జిల్లా ఏర్పడి, కోయిలకుంట్ల తాలూకా కడప నుంచి కర్నూలులోకి మారింది. 1866లో కరువొచ్చింది. ఆ కరువులో అదే ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి గంజి పోసి బతికించినాడు, దానికి విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. ఒకే ఊరు. ఒకరి తల కోటలో వేలాడతాండాది, ఇంగొకరి మెడలో రాణి పతకం. ఇద్దరూ మన జనం కోసమే నిలబడినోళ్లు. సర్కారుకు ఆకలి తీర్చేవాడు మంచోడు, ఆకలి ఏంటికి పుట్టిందని అడిగేవాడు దొంగ. వీళ్లిద్దరి గురించి తంగిరాల వెంకట సుబ్బారావు గారు రేనాటి సూర్యచంద్రులు అని పుస్తకమే రాసినారు. దొరికితే చదవండి.

1876లో ధాత కరువు. మన తాతల తాతలు చెట్ల ఆకులు, గడ్డలు తవ్వుకుని తిన్న కరువు. రెండేండ్లలో కర్నూలు జిల్లా జనంలో దగ్గరదగ్గర నాలుగో వంతు లేకుండా పోయినారు. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెడితే ఆ గొయ్యి కనిపిస్తాది. ఆ కరువు నడిమధ్యలో, 1877లో, ఆ తల కోటలో లేకుండా పోయింది. అప్పటికి భయపెట్టడానికి తల అవసరం లేకపోయింది, ఊర్లల్లో భయపడే మనుషులే మిగల్లేదు.

దొరలు తల వేలాడదీసినారు గానీ పాటను వేలాడదీయలేకపోయినారు. ఇంటింటికీ తిరిగి అడుక్కుని పాడేవాళ్లు ఆ కథను ఊరూరికీ మోసినారు. కచేరీ కాగితాల్లో దొంగ అయినోడు, తిరగలి తిప్పుకుంటా పాడే ఆడోళ్ల నోట్లో దొర అయినాడు. బడి లేని, అచ్చు లేని, పేపరు లేని కాలంలో నూరేండ్ల పైన ఈ పేరు బతికిందంటే ఆ పుణ్యం చదువుకున్నోళ్లది కాదు, చదువు రానోళ్లది.

మొట్టమొదటోడా కాదా

ఇంగ మనోళ్లకు ఇష్టమైన గొడవ. ఆయన భారతదేశంలో మొట్టమొదటి స్వాతంత్ర్య సమరయోధుడా? మంగళ్ పాండే 1857లో అయితే ఈయన పదేండ్ల ముందు కదా అని వాట్సాప్‌లో తిరుగుతాది. సినిమా కూడా ఝాన్సీ లక్ష్మీబాయి నోటితోనే ఈయన కథ చెప్పించింది. లెక్క తీస్తే 1799లోనే కయత్తారులో వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఉరి తీసినారు, 1817లో ఒడిశాలో పైకలు లేచినారు. ఆ పైకలు కూడా మన కట్టుబడోళ్ల మాదిరి, మాన్యం భూములు పోగొట్టుకున్న బంట్లే. ఎవరు మొదట అనే పందెం పెట్టుకుంటే ఎప్పటికీ తెగదు, మన పిల్లోళ్లకు వచ్చేదీ ఏం లేదు. ఒడిశాలోనైనా రేనాడులోనైనా కొడుకు చేతి నుంచి నాయన చేను జారిపోయినప్పుడే తిరుగుబాటు పుట్టింది. తెలుసుకోవాల్సింది ఇదీ.

రెండో గొడవ కులం. ఆయన మావాడు అని కొందరు, ఓబన్న మావాడు అని కొందరు. జయంతులు వేరు, ర్యాలీలు వేరు, జెండాలు వేరు. ఓబన్నను ఇన్నాళ్లు పక్కన పెట్టిన చరిత్ర తప్పే, ఆయన పేరు గట్టిగా చెప్పుకోవాల్సిందే. అయితే 1846లో వాళ్లిద్దరూ ఒకే కొండ మీద ఒకే జొన్నరొట్టె తిన్నారు. ఆ రొట్టెను మనం 180 ఏండ్ల తర్వాత కులాల లెక్కన తుంచుకుంటాండాము. కాక్రేన్ దొర కూడా ఇంత బాగా విడగొట్టలేకపోయినాడు.

మూడోది ఫ్యాక్షన్. మన సీమ అంటే బాంబులు, సుమోలు అని సినిమావాళ్లు చూపించినారు, మనలో కొందరు దాన్నే మీసం తిప్పే గొప్ప అనుకున్నారు. నరసింహారెడ్డిని కూడా ఆ వరసలో నిలబెట్టాలని చూస్తారు. ఆయన కత్తి పక్కింటోడి మీద దూయలేదు. ఖజానా మీద, దాని వెనకున్న రాజ్యం మీద దూసినాడు. ఊర్లో సాటిరైతును నరికినోడు ఆయన వారసుడు కాదు.

ఈ పేరు మనల్ని ఏమడుగుతాది

ఇంగొక సంగతి గమనించండి. ఆయన పుట్టినప్పుడు, చచ్చినప్పుడు ఆ ఊర్లు కడప జిల్లా. తర్వాత కర్నూలు జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లా. ఆయన పేరున్న విమానాశ్రయం మాత్రం కర్నూలు జిల్లాలో. గీతలు మారుతా ఉంటాయి. కర్నూలోళ్లు, కడపోళ్లు, నంద్యాలోళ్లు అని కొట్లాడుకోకుండా, ఈ మనిషి మూడు జిల్లాలకూ సొంతమని చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఏముండాది?

విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టినందుకు నాకు సంతోషమే. నాయకుల నాయనల పేర్లు, తాతల పేర్లు తప్ప ఇంగేం కనపడని రాష్ట్రంలో, ఉరికొయ్యెక్కిన మనిషి పేరు పెట్టడం చిన్న సంగతి కాదు. ఏ పార్టీ పెట్టిందనేది పక్కన పెడదాం. అయితే పేరు పెట్టడంతో పని అయిపోయిందనుకుంటే, అది కూడా ఒక తీరు వేలాడదీయడమే. అప్పుడు భయం కోసం తల వేలాడదీసినారు, ఇప్పుడు ఓట్ల కోసం పేరు వేలాడదీసినట్టు.

ఆ పేరు మోసే తావులో జరగాల్సిన పనులు కొన్ని ఉండాయి. టెర్మినల్‌లో దిగినోడికి, ఎక్కేవాడికి కనపడేటట్టు ఆయన కథ తెలుగులో, పెద్ద అక్షరాలతో ఉండాల. ఆ కథలో ఓబన్న ఉండాల, చెంచులు ఉండాల, బోయ కట్టుబడోళ్లు ఉండాల. శిక్ష పడిన ఆ 112 మంది పేర్లు పాత కలెక్టరాఫీసు కాగితాల్లో వెతికించి గోడ మీద చెక్కించాల. విశ్వవిద్యాలయాల్లో చరిత్ర చదివే మన పిల్లోళ్లకు ఈ పని అప్పజెప్తే సంతోషంగా చేస్తారు. కోయిలకుంట్లలో ఉరి తీసిన తావును, రూపనగుడిని బడి పిల్లోళ్లు ఏడాదికొకసారి చూసేటట్టు చేయాల.

ఇంగ అన్నిటికంటే ముఖ్యమైనది భూమి. ఓర్వకల్లు చుట్టూ ఇప్పుడు పరిశ్రమల కోసం, సోలార్ కోసం వేల ఎకరాలు చేతులు మారతాండాయి. అభివృద్ధి వద్దని నేను అనడం లేదు. మన పిల్లోళ్లు బెంగళూరులో సెక్యూరిటీ గార్డులుగా, హైదరాబాదులో డెలివరీ బాయ్‌లుగా పోతాండారు, ఈడనే పని దొరికితే ఎవరికి చేదు? అయితే ప్రతి ఎకరం కింద ఒక పాత కట్టుబడోడు ఉంటాడు. పట్టా ఉన్నోడికి పరిహారం వస్తాది, పట్టా లేకుండా తరాలుగా దున్నుకున్నోడికి, మేకలు మేపుకున్నోడికి ఏమొస్తాది? 1846లో దొర వేసిన లెక్క కూడా ఇదే. కాగితం లేదు కాబట్టి భూమి లేదు. నరసింహారెడ్డి పేరు పెట్టుకున్న గేటు ముందర ఆ లెక్కే మళ్లా వేస్తే, ఆ పేరును అవమానించినట్టే.

ఈసారి మీ ఊర్లో భూమి కొలతలకు వచ్చినప్పుడు, గ్రామసభ పెట్టినప్పుడు, ఫోన్ జేబులో పెట్టి పోయి ముందు వరసలో కూర్చోండి. అడంగల్ అడగండి, సర్వే నంబరు అడగండి, మీ ఊర్లో పట్టా లేని ముసలాయన తరఫున కూడా అడగండి. దానికి బరిసె అక్కర్లేదు. సొంత పదకొండు రూపాయల కోసం మొదలుపెట్టి ఊరందరి చేను కోసం తల ఇచ్చిన మనిషి నుంచి మనం నేర్చుకోవాల్సింది ఇదొక్కటే.